నీళ్లనుకుని ఆముదం పోశాం

మా తమ్ముడి కూతురు హోసూరులో ప్లస్ టూ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. కారు చుట్టూ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో గాలి గీతలు గీతలుగా పోతోంది.

"పెదనాన్నా, గాలిని ఇలా ఫొటో ఎలా తీశారు?"

"ఫొటో కాదమ్మా. కంప్యూటరు లెక్క కట్టి వేసిన బొమ్మ."

"లెక్క తప్పు కడితే? బొమ్మ అప్పుడు కూడా ఇంత అందంగానే ఉంటుందా?"

ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. ఇంత సూటి ప్రశ్న క్లాసులో నన్ను అడిగినవాళ్లు తక్కువ. ఉంటుంది, అంతే అందంగా ఉంటుంది. అదే ఇందులో ఉన్న చిక్కు. నోటితో చెబితే పోయేది కాదు కనుక ఆ సెలవుల్లో ఇద్దరం కూర్చుని ఒక చిన్న లెక్క చేశాం. ఒక గొట్టం, అందులో నెమ్మదిగా పారే నీళ్లు. అంతకంటే తేలికైనది ఉండదు అనుకున్నాను. అందులోనే నేను బోల్తా పడ్డాను. పిల్ల పట్టుకుంది.

దీన్ని కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ అంటారు, పొట్టిగా సీఎఫ్‌డీ. పారేది ఏదైనా సరే, నీళ్లయినా గాలయినా రక్తమయినా, దాని దారిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేగమెంత, పీడనమెంత అని కంప్యూటరు చేత లెక్క కట్టించడం. ఇంజినీరింగ్ కాలేజీకి వెళితే తప్ప దీని జోలికి పోనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. దీని మూలం తొమ్మిదో తరగతి పిల్లలకు గళ్ల నోటుబుక్కులో చెప్పవచ్చు. ఎలాగో కింద రాస్తాను. టీచర్లు ఒక పీరియడులో చేయించి చూడండి.

పొరలుగా పారే నీళ్లు

కుళాయిని కొద్దిగా తిప్పితే ధార గాజు కడ్డీలా నిలకడగా పడుతుంది. ఇంకా తిప్పితే చెదిరి బుసబుసమంటుంది. మొదటిదాన్ని మన పుస్తకాల్లో స్తరీయ ప్రవాహం అంటారు. స్తరం అంటే పొర. లామినార్ అనే మాటకూ అదే అర్థం. పొర మీద పొర జారుతూ పోతుంది, ఒకదానిలో ఒకటి కలిసిపోదు. రెండోది సంక్షుబ్ధ ప్రవాహం.

ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ చూపించాడు. నీళ్ల తొట్టిలో సన్నాయి మూతి లాంటి మూతి ఉన్న గాజు గొట్టం పెట్టి, దాని మధ్యలోకి సన్నని రంగునీటి దారం వదిలాడు. నీళ్లు నెమ్మదిగా పారినంతసేపు ఆ దారం గొట్టం చివరి వరకూ తెగకుండా సాగింది. వేగం పెంచుతూ పోతే ఒకచోట ఉన్నట్టుండి చెదిరి నీళ్లంతా రంగయింది. ఆ పరికరం ఇప్పటికీ మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఉంది.

వేగాన్ని గొట్టం వ్యాసంతో గుణించి, సాంద్రతతో గుణించి, స్నిగ్ధతతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. దానికి మీటర్లూ లేవు, కిలోలూ లేవు, వట్టి అంకె. అదే రేనాల్డ్స్ సంఖ్య. గొట్టంలో అది సుమారు 2,000 లోపు ఉంటే ప్రవాహం పొరలుగానే సాగుతుంది. స్నిగ్ధత అంటే చిక్కదనం, పొరకూ పొరకూ మధ్య ఉండే పట్టు. కన్నడ మీడియం పుస్తకాల్లోనూ ఇంచుమించు ఇదే మాట కనిపిస్తుంది కనుక కర్ణాటకలోని మన పిల్లలకు రెండుసార్లు నేర్చుకునే పని లేదు.

ఇంట్లో 15 మిల్లీమీటర్ల గొట్టంలో నీళ్లు సెకనుకు ఒక మీటరు పోతుంటే రేనాల్డ్స్ సంఖ్య 15,000. అంటే కుళాయి గొట్టంలో మనం అనుకునే పొరలు ఉండవు. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించేటప్పుడు గంటకు 100 మిల్లీలీటర్లు పోతోందనుకోండి, గొట్టం లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లనుకోండి, అక్కడ సంఖ్య 12 దాకా ఉంటుంది. పక్కా పొరల ప్రవాహం.

ఈ ప్రవాహాన్ని కొలిచిన ఇద్దరిలో ఒకరు జర్మనీ ఇంజినీరు హేగెన్, 1839లో. రెండోవారు ఫ్రాన్స్‌లో పోయిసెల్లీ, రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని సన్నని గాజు గొట్టాలతో 1840ల్లో ప్రయోగాలు చేసిన డాక్టరు. ఇద్దరికీ తేలింది ఒకటే. గొట్టం వ్యాసం సగమైతే, అదే పీడనంతో పారే నీళ్లు సగం కాదు, నాలుగో వంతు కాదు, పదహారో వంతవుతాయి. గొట్టం మధ్యలో వేగం సగటు వేగానికి సరిగ్గా రెండింతలు, గోడ దగ్గర సున్నా. మధ్య నుంచి గోడ దాకా వేగాన్ని గ్రాఫు గీస్తే పరావలయం వస్తుంది.

ఇక్కడ ఒక మాట. జవాబు ఎప్పుడో తెలిసిపోయిన లెక్కను మళ్లీ కంప్యూటరుకు ఇవ్వడం ఎందుకని మా పిల్ల అడిగింది. తెలిసింది కనుకే ఇవ్వాలి. కొత్త తక్కెడ కొన్నవాడు ముందు తెలిసిన తూనికరాయి పెట్టి చూస్తాడు, బంగారం తర్వాత పెడతాడు. కారు చుట్టూ గాలికి తూనికరాయి లేదు. తిన్నని గొట్టానికి ఉంది.

నోటుబుక్కులో ఒక కాలువ

కంప్యూటరు జోలికి పోకముందు కాగితం మీద చేశాం. గొట్టం బదులు రెండు పలకల మధ్య సన్నని సందు తీసుకున్నాం, లెక్క ఇంకా తేలిక. ఆ సందును నాలుగు పట్టీలుగా కోస్తే ఐదు గీతలు వస్తాయి. పైగీత, కిందిగీత గోడలు. గోడకు అంటుకున్న నీరు కదలదు కనుక అక్కడ రెండు సున్నాలు రాసుకోవాలి, వాటిని చివరిదాకా ముట్టుకోకూడదు. మిగిలినవి మూడు గీతలు, వాటి వేగం కనుక్కోవాలి.

సూత్రం ఇంతే. ఏ గీత వేగమైనా దాని పైగీత, కిందిగీత వేగాల సగటు, దానికి తోడు ఒకటి. సగటు ఎందుకంటే పక్క పొరలు తమ వేగానికి లాగుతాయి, అది స్నిగ్ధత పని. ఒకటి ఎందుకంటే వెనకనుంచి పీడనం నెడుతోంది.

మొదట మూడు చోట్లా సున్నాలు రాయండి. ఇక పైనుంచి మొదలుపెట్టండి. మొదటి గీత: సున్నా, సున్నా సగటు సున్నా, తోడు ఒకటి, అంటే 1. రెండో గీతకు పైన 1, కింద 0, సగటు 0.5, తోడు ఒకటి, 1.5. మూడో గీత 1.75. రెండో రౌండులో 1.75, 2.75, 2.375. మూడో రౌండులో 2.375, 3.375, 2.6875. నాలుగో రౌండులో మధ్య అంకె 3.6875. పదో రౌండుకు 3.995. ఎన్ని రౌండ్లు చేసినా చివరికి అంకెలు 3, 4, 3 దగ్గర కుదురుకుంటాయి. 3 సరైనదేనా? 0, 4 సగటు 2, తోడు 1. సరిపోయింది. 4? 3, 3 సగటు 3, తోడు 1. సరిపోయింది. ఇక కదలవు.

మధ్య అంకె 4కు ఎంత దూరంలో ఉందో రౌండు రౌండుకూ రాయించండి. 2.5, 1.25, 0.625, 0.3125. ప్రతిసారీ సగమవుతోంది. పిల్లలు దీన్ని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు, మీరు చెప్పొద్దు.

ఇప్పుడు నాలుగు పట్టీలకు బదులు ఎనిమిది. కుదురుకున్న అంకెలు 0, 7, 12, 15, 16, 15, 12, 7, 0. (పట్టీ వెడల్పు సగమైతే ఆ తోడు అంకె నాలుగో వంతు కావాలి నిజానికి. మనం చూసేది నిష్పత్తి కనుక తేలికగా ఉండటానికి ఒకటే ఉంచాం.) సగటు వేగాన్ని గరిష్ఠ వేగంతో భాగించి చూద్దాం. పలకల మధ్య సందులో అది కచ్చితంగా మూడింట రెండు, అంటే 0.667 రావాలి. గొట్టంలో సగం, సందులో మూడింట రెండు, ఈ తేడా గుర్తుంచుకోండి. నాలుగు పట్టీల్లో వేగాలు 1.5, 3.5, 3.5, 1.5. సగటు 2.5, గరిష్ఠం 4, నిష్పత్తి 0.625. ఎనిమిది పట్టీలతో సగటు 10.5, గరిష్ఠం 16, నిష్పత్తి 0.656. అసలుకు తేడా మొదట 0.042, తర్వాత 0.010. పట్టీ సగం చేస్తే తప్పు నాలుగో వంతుకు పడిపోయింది.

ఊరికే రాదు ఈ లాభం. ఎనిమిది పట్టీలతో చేస్తే రౌండుకు తప్పు సగం కాదు, ఏడో వంతే తగ్గుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది. అప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ఒక్కో రౌండు ఒక్కో వరుస. సూత్రం ఒకసారి రాసి కిందికి లాగితే చాలు. బడిలో ఉన్న పాత కంప్యూటరు దీనికి ఎక్కువే. లక్షల రూపాయల సాఫ్ట్‌వేర్ కూడా అడుగున చేసేది ఇదే పని, గళ్లు లక్షల్లో ఉంటాయి, పీడనం కూడా గడిగడికీ కనుక్కోవాలి, అంతే తేడా.

గొట్టంలోకి

తర్వాత ఓపెన్‌ఫోమ్ తీశాం. ఇది 2004 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్. లినక్స్‌లో నడుస్తుంది. మెనూలు, బొత్తాలు ఉండవు. అంతా ఫైళ్లలో రాయాలి, మొదట్లో విసుగే. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు వాళ్లు దీన్ని మన దేశంలో విద్యార్థులకు అలవాటు చేస్తున్నారు. అక్కడిదే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు. తెర మీద ఇంగ్లిషు అలాగే ఉంచి, వివరణ మాత్రం భారతీయ భాషల్లో వినిపించే పద్ధతి వాళ్లది. కొన్ని పాఠాలకు తెలుగు గొంతు కూడా ఉంది. ఏ పాఠానికి ఉందో చూసుకుని పిల్లలకు చూపండి.

ఓపెన్‌ఫోమ్ తోపాటు వచ్చే మొదటి పాఠం ఒక చదరపు డబ్బా. భుజం 10 సెంటీమీటర్లు, పైమూత మాత్రం సెకనుకు ఒక మీటరు జరుగుతూ లోపలి ద్రవాన్ని తిప్పుతుంది. నిలువుగా 20, అడ్డంగా 20 గళ్లు. ఒక గడి 5 మిల్లీమీటర్లు, కాలాన్ని 0.005 సెకన్ల అడుగులుగా నడిపిస్తారు. అంటే ఒక అడుగులో మూత సరిగ్గా ఒక గడి దాటుతుంది. ఇది గుర్తుంచుకోవలసిన జాగ్రత్త. ఒక్క అడుగులో ద్రవం రెండు మూడు గళ్లు దూకేలా పెడితే లెక్క అదుపు తప్పే ప్రమాదం ఉంది, అంకెలు ఆకాశానికి పోతాయి. ఇలాంటి డబ్బాకే 1982లో ఘియా, ఘియా, షిన్ అనే ముగ్గురు అచ్చేసిన పట్టికలతో ఇప్పటికీ ప్రపంచమంతా తమ ప్రోగ్రాములను సరిచూసుకుంటారు. అది కూడా ఒక తూనికరాయి.

మేం పెట్టిన గొట్టం: వ్యాసం ఒక సెంటీమీటరు, పొడవు 30 సెంటీమీటర్లు. నీళ్లు సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో లోపలికి వస్తాయి. రేనాల్డ్స్ సంఖ్య 100. గొట్టమంతా గీయనక్కర్లేదు. చుట్టూ ఒకేలా ఉంటుంది కనుక పుచ్చకాయ ముక్కలా 5 డిగ్రీల సన్నని ముక్క చాలు. మధ్య నుంచి గోడకు 20 గళ్లు, పొడవునా 300, మొత్తం 6,000. మూతి దగ్గర వేగం ఇచ్చాం, చివర పీడనం సున్నా అన్నాం, గోడ మీద వేగం సున్నా. కాలపు అడుగు 0.02 సెకను, మొత్తం 60 సెకన్ల ప్రవాహం.

నడిపేముందు జవాబు కాగితం మీద కట్టాం. పీడనంలో పడే తేడా కోసం స్నిగ్ధత, సగటు వేగం, పొడవు, మూడింటినీ గుణించి, 32తో గుణించి, వ్యాసం వర్గంతో భాగించాలి. నీటి స్నిగ్ధత 0.001. వచ్చింది 0.96 పాస్కల్. నీటి ఎత్తులో చెప్పాలంటే మిల్లీమీటరులో పదో వంతు. అంతే.

ఇంకొకటి కూడా పిల్లకు చెప్పాను. మూతి దగ్గర నీళ్లన్నీ ఒకే వేగంతో వస్తాయి. గోడ పక్కవి ముందు ఆగుతాయి, ఆ సంగతి మెల్లగా మధ్య దాకా పాకాలి. పరావలయం తయారవడానికి కొంత దూరం పడుతుంది. వ్యాసాన్ని రేనాల్డ్స్ సంఖ్యతో గుణించి 0.06తో గుణిస్తే ఆ దూరం వస్తుంది. మనకు 6 సెంటీమీటర్లు.

నడిపించాం. కొన్ని నిమిషాల్లో అయిపోయింది. తెర మీద మూతి దగ్గర పీడనం 0.96ను ఆనుకునే ఉంది. నేను ఎగిరి గంతేయలేదు గానీ, అంత పనీ చేశాను. వంటింట్లో ఉన్న మీ పెద్దమ్మను పిలుచుకురమ్మన్నాను.

పిల్ల కదల్లేదు. పారావ్యూలో బొమ్మను పెద్దది చేసి చూస్తోంది.

"పెదనాన్నా, 6 సెంటీమీటర్లు పడుతుందన్నారు కదా? ఇక్కడ మూతి దాటగానే పరావలయం వచ్చేసింది. అర సెంటీమీటరు కూడా పట్టలేదు."

"అంకె సరిపోయింది కదమ్మా."

"అంకె సరిపోయింది. బొమ్మ సరిపోలేదు."

గంటసేపు వెతికాం. తప్పు నాదే. ఓపెన్‌ఫోమ్‌లో ఇలాంటి లెక్కలకు స్నిగ్ధతను నేరుగా అడగరు, సాంద్రతతో భాగించి ఇవ్వమంటారు. నీటి సాంద్రత 1,000 కనుక రాయవలసింది 0.000001. నేను ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ 0.001 రాశాను. మరి పీడనం ఎలా కలిసింది? అది కూడా సాంద్రతతో భాగించే చూపిస్తుందట. దాన్ని మళ్లీ 1,000తో గుణించి పాస్కల్ చేసుకోవాలి. నేను గుణించలేదు. ఒకచోట వెయ్యి రెట్లు ఎక్కువ పెట్టాను, ఇంకోచోట వెయ్యితో గుణించడం మరిచాను. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకుని కాగితం మీది జవాబే తెర మీద నిలబెట్టాయి. పరీక్షలో ఐతే పూర్తి మార్కులు పడేవి.

నిజానికి గొట్టంలో రేనాల్డ్స్ సంఖ్య 100 కాదు, 0.1. అంత చిక్కటి ద్రవం ఏదా అని పట్టికలు తిరగేస్తే ఒకటి దొరికింది. 20 డిగ్రీల దగ్గర ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వెయ్యి రెట్లు. సాంద్రత నీటికి కాస్త తక్కువ. మేం ఆ గొట్టంలో పోసింది నీళ్లు కాదు, ఆముదం. ఆముదానికి నిజంగా కావలసిన పీడనం 0.96 కాదు, 900 పాస్కల్‌కు పైమాటే. ఆ సాయంత్రం నా ముఖం కూడా ఆముదం తాగినట్టే ఉందని మా ఆవిడ అంది.

సరిచేసి మళ్లీ నడిపించాం. ఈసారి తెర మీది అంకెను 1,000తో గుణిస్తే 0.96 రాలేదు, ఒక పాస్కల్‌ను కాస్త దాటింది. పిల్ల నావైపు చూసింది. ఇది తప్పు కాదు. కాగితం మీది సూత్రం పరావలయం తయారైపోయిన గొట్టానికి. మూతి దగ్గర నీళ్లు సర్దుకోవడానికి అదనంగా కొంత పీడనం ఖర్చవుతుంది. అందుకని మూతిని వదిలేసి, 10వ సెంటీమీటరు నుంచి 30 దాకా చూశాం. 20 సెంటీమీటర్లకు రావలసింది 0.64. దాని పక్కనే ఉంది. మధ్యలో వేగం సెకనుకు 2 సెంటీమీటర్లు. పరావలయం 6 సెంటీమీటర్ల ప్రాంతంలో కుదురుకుంది. మొదటిసారి అంకె కలిసినా లెక్క తప్పు, రెండోసారి అంకె కలవకపోయినా లెక్క సరైనది.

టీచర్లకు ఒక హెచ్చరిక. ఇదే ముక్క గొట్టంలో వేగాన్ని వంద రెట్లు పెంచి చూడండి. రేనాల్డ్స్ సంఖ్య 10,000. నిజం గొట్టంలో నీళ్లు సుడులు తిరుగుతాయి. సాఫ్ట్‌వేర్ మాత్రం కాదనదు, ఎర్రజెండా ఊపదు. పొరల ప్రవాహమని మీరు చెప్పారు, ముక్క ఒక్కటే ఇచ్చారు, కనుక పొరలుగానే బొమ్మ వేసి పెడుతుంది. రంగులు మొదటిదాని కంటే బాగుంటాయి కూడా. దాని ముందు రేనాల్డ్స్ సంఖ్య కట్టి చూసుకోవలసింది మనం.

తల్లిదండ్రులు అడిగేది వేరు, ఇది మార్కులకు పనికొస్తుందా అని. నేరుగా రాదు. ఏ రాష్ట్రం బోర్డు పరీక్షలోనూ ఓపెన్‌ఫోమ్ అడగరు. స్నిగ్ధత, పీడనం, ప్రమాణాలు, పరావలయం మాత్రం అన్ని బోర్డుల్లోనూ ఉంటాయి. ప్రమాణం మరిచిపోతే ఏమవుతుందో మా పిల్లకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. నాకూ చెప్పనక్కర్లేదు.

సెలవులు అయిపోయే ముందురోజు ఇంకో గొట్టం పెడదామంది. వ్యాసం సగం, అంటే 5 మిల్లీమీటర్లు. పారే నీళ్లు మాత్రం అంతే. నన్ను పక్కకు జరగమని తనే కూర్చుంది. వేగం నాలుగింతలవుతుంది, రేనాల్డ్స్ సంఖ్య 200 అవుతుంది, పరావలయానికి మళ్లీ 6 సెంటీమీటర్లే పడుతుంది అని రాసుకుంది. చివరి 20 సెంటీమీటర్లకు పీడనం 0.64కు పదహారు రెట్లు, 10.24 పాస్కల్ అని రాసి, కింద రెండు గీతలు గీసింది. స్నిగ్ధత ఫైలు తెరిచి సున్నాలను వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. ఆ తర్వాతే ఎంటర్ నొక్కింది.